ఇంటి ఇంక్యుబేటరులో ఉష్ణోగ్రత ఒడిదుడుకులు: ఒక ఇంజనీరింగు పరిశీలన

ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం మన సంస్థలోని ఇంజనీర్లకు నిత్యకృత్యం. బాయిలరు కావచ్చు, హీట్ ఎక్స్ఛేంజరు కావచ్చు, కంప్రెసరు బేరింగు కావచ్చు, కంట్రోల్ రూములో కూర్చుని ఎక్కడ ఎంత వేడి ఉన్నదో కనిపెట్టుకొని ఉండటమే మన ఉద్యోగంలో ముఖ్యభాగం. అటువంటి అనుభవం గల మిత్రులే సాయంత్రం ఇంటికి వెళ్ళి, థర్మకోల్ పెట్టెలో రెండు డజన్ల కోడిగుడ్లు ఉంచి, దాని ముందు తల పట్టుకొని కూర్చోవడం మేము పలుమార్లు చూశాము. అంకె ఒకసారి 36.8 చూపుతుంది. పది నిమిషాలకు 38.3 చూపుతుంది. గుడ్లు చెడిపోతాయేమోనన్న బెంగతో మరను అటు తిప్పి ఇటు తిప్పి, ఇరవై ఒక్క రోజుల తరువాత నిజంగానే నిరాశ చెందిన వారూ ఉన్నారు. ఈ ఒడిదుడుకులలో దేనికి భయపడాలి, దేనికి భయపడనక్కరలేదు అన్న విషయాన్ని లెక్కలతో సహా సహోద్యోగ మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని డిగ్రీలన్నీ సెల్సియస్ మానంలోనివే.

సూరత్‌లో ఈ అభిరుచికి కారణం లేకపోలేదు. ఈ నగరంలో తెలుగువారి ఉనికి చిన్నది కాదు. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికై వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలను నడుపుతూ వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలలో ఉద్యోగరీత్యా వచ్చిన మనవంటి వారు సరే సరి. ఊరి నుండి దూరమైనా నాటుకోడిపై మమకారం దూరం కాలేదు. అయితే పొదుగుకు వచ్చిన పెట్ట పట్నపు ఇంట్లో దొరకడం కష్టం. గుడ్ల కొరకే అభివృద్ధి చేసిన వైట్ లెగ్‌హార్న్ వంటి జాతులు పొదగడమే మరచిపోయాయి. కావున పెట్ట చేయవలసిన పని పెట్టె చేయవలసి వస్తున్నది.

గుడ్డు కోరేది ఏమిటి?

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పెట్టెలో ఫ్యాను ఉండి గాలి అంతటా కలుస్తూ ఉంటే 37.5 డిగ్రీలు సరిపోతుంది. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరుతుంది గనుక, గుడ్ల పైభాగం ఎత్తున కొలిచినప్పుడు 38.3 నుండి 38.9 వరకు ఉండాలి. ఒకే పెట్టెకు ఇద్దరు మిత్రులు రెండు వేర్వేరు అంకెలు చెప్పి వాదించుకోవడానికి తరచుగా ఈ భేదమే కారణం.

వేడి తగ్గడం, పెరగడం రెండూ సమానమైన దోషాలు కావని మొట్టమొదట గ్రహించాలి. పెట్ట రోజుకొకసారి గూడు దిగి, మేత తిని, నీరు త్రాగి, మట్టిలో పొర్లి, పదిహేను ఇరవై నిమిషాలకు తిరిగి వస్తుంది. ఆ వ్యవధిలో గుడ్లు చల్లబడతాయి. కోట్ల సంవత్సరాలుగా ఈ చల్లదనాన్ని ఓర్చుకొనే పక్షి పిండం పరిణామం చెందింది. 35 డిగ్రీల వద్ద మూడు నాలుగు గంటలున్నా పిండం ఎదుగుదల కొంత మందగిస్తుంది, అంతే. వేడిమికి మాత్రం ఇటువంటి సహనం లేదు. సరైన స్థాయికి పైన రెండు మూడు డిగ్రీలు మాత్రమే పిండానికి అవకాశం. గుడ్డు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి గంటల తరబడి నిలిస్తే ప్రాణహాని తప్పదు. కింది వైపు విశాలమైన మైదానం, పై వైపు లోయ అన్నమాట. అంచు ఎటువైపున్నదో తెలిసినవాడు అటు అడుగు వేయడు.

కనురెప్పతో కొలిచిన వారు

ఈ సమస్య క్రొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టులో మట్టి ఇటుకలతో కట్టిన పెద్ద పొదుగు కొలుములు ఉండేవి. వేలాది గుడ్లను ఒకేసారి పొదిగించే ఆ కొలుములలో థర్మామీటరు లేదు. అక్కడి పనివారు ఒక గుడ్డును తీసి కనురెప్పకు ఆనించి, దాని వేడిని బట్టి నిప్పు పెంచాలో తగ్గించాలో నిర్ణయించేవారు. తరతరాలుగా తండ్రి నుండి కొడుకుకు సంక్రమించిన విద్య అది.

పదిహేడవ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులో స్థిరపడిన డచ్చి ఆవిష్కర్త కార్నేలిస్ డ్రెబెల్, పొదుగు పెట్టె కొరకు పాదరసంతో పనిచేసే నియంత్రకాన్ని రూపొందించాడు. తనంతట తాను వేడిని సరిచూసుకొనే తొలి యంత్రాలలో దానికి స్థానం ఉన్నది. అనగా మన కర్మాగారాలలో వందల సంఖ్యలో ఉన్న స్వయంచాలక నియంత్రణ వలయాలకు మూలపురుషుడు కోడిగుడ్ల పెట్టెలోనే పుట్టాడని చెప్పవచ్చు. థర్మామీటరు కొలమానంతో పేరుపొందిన ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్ 1749లో కృత్రిమంగా గుడ్లు పొదిగించడంపై గ్రంథమే ప్రచురించాడు. 1881లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ హియర్సన్ ఈథరు నింపిన లోహపు బిళ్ళను ఉపయోగంలోకి తెచ్చాడు. వేడి హెచ్చినప్పుడు ఆ బిళ్ళ ఉబ్బి, మీటను కదిలించి, దీపపు వేడిని ప్రక్కకు మళ్ళిస్తుంది. విద్యుత్తు లేని ఇళ్ళలో కిరోసిను దీపంతో గుడ్లు పొదిగించడం దానివల్ల సులభమయింది.

ఈ చరిత్రలో ఒక సంగతి మమ్ము ఆకర్షించింది. ఈజిప్టు పనివాడు కొలిచినది గుడ్డు వేడిని. తరువాతి పరికరాలన్నీ కొలిచినది గుడ్డు చుట్టూ ఉన్న గాలి వేడిని. నేటి ఇళ్ళలో కనిపించే ఆందోళనలో అధికభాగం ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే కలుగుతున్నది.

గాలికి ఎంత, గుడ్డుకు ఎంత?

ఒక చిన్న లెక్క చూద్దాం. లోపలి కొలతలు 50, 40, 25 సెంటీమీటర్లుగా ఉన్న పెట్టె ఘనపరిమాణం 50 లీటర్లు. అందులోని గాలి బరువు సుమారు 57 గ్రాములు. దానిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఇంచుమించు 57 జౌళ్ళు చాలు. 55 గ్రాముల గుడ్డు ఒక్కదానిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 180 జౌళ్ళు కావాలి. అనగా పెట్టెలోని గాలి మొత్తంలో ఉన్న ఉష్ణ ధారణశక్తి ఒక గుడ్డులో మూడవ వంతు కూడా లేదు. రెండు డజన్ల గుడ్లతో పోల్చితే డెబ్బైఐదవ వంతు. మూత తెరవగానే అంకె నాలుగు డిగ్రీలు పడిపోవడం చూసి గుండె జారనక్కరలేదు. పోయినది గాలి మాత్రమే. వేడి గుడ్లలోనే ఉన్నది.

ఇక గుడ్డు ఎంత త్వరగా చల్లబడుతుంది? దాని ఉపరితల వైశాల్యం 69 చదరపు సెంటీమీటర్లని, చుట్టూ ఉన్న గాలికి ఉష్ణ ప్రసరణ గుణకం సాధారణమైన 10 అని తీసుకుంటే, గుడ్డు కాలాంకం 45 నిమిషాల దాపున తేలుతుంది. గాలి ఉష్ణోగ్రత హఠాత్తుగా మారితే, ఆ మార్పులో దాదాపు మూడింట రెండు వంతులు గుడ్డులో ప్రతిఫలించడానికి ముప్పావు గంట పడుతుందన్నమాట. పది నిమిషాలకొకసారి అర డిగ్రీ పైకి, అర డిగ్రీ కిందికి ఊగే గాలిలో ఉన్న గుడ్డు లోపల కలిగే ఊగిసలాట డిగ్రీలో యాభయ్యవ వంతు మాత్రమే. దానిని ఏ పిండమూ గుర్తించదు.

అయితే ఈ వాదానికి రెండవ వైపు కూడా ఉన్నది. ఊగిసలాట మధ్యబిందువు ఎక్కడున్నదో గుడ్డు అక్కడికే చేరుతుంది. సగటు 38.5 వద్ద నిలిచిన పెట్టె, ఎంత నిలకడగా ఉన్నా, గుడ్లను రాత్రింబవళ్ళు అతి వేడిలో ఉంచుతూనే ఉంటుంది. కావున చూడవలసినవి సగటు ఉష్ణోగ్రత, గంటల తరబడి సాగే మార్పు. నిమిషాల మార్పులను మన్నించవచ్చు.

కొలత సరిగా ఉండాలి

గుడ్డు వేడిని తెలుసుకోవడానికి గుడ్డును పగులగొట్టనక్కరలేదు. 50 మిల్లీలీటర్ల మందు సీసాను నీటితో నింపి, మూతకు రంధ్రం చేసి సెన్సరును అందులోకి దించి, గుడ్ల నడుమ పడుకోబెట్టాలి. ఆ నీటి ఉష్ణ ధారణశక్తి గుడ్డుకు దగ్గరగా ఉంటుంది గనుక, సీసాలోని అంకె గుడ్డు లోపలి అంకెకు ప్రతినిధి అవుతుంది. కంట్రోలరు సెన్సరు మాత్రం గాలిలోనే, గుడ్ల పైభాగం ఎత్తున ఉండాలి. దానిని కూడా నీటిలో ముంచితే ఆలస్యంగా స్పందించి, హీటరును అవసరానికి మించి వెలిగించి ఉంచుతుంది. నియంత్రణకు గాలి, నిర్ధారణకు నీరు అని గుర్తుంచుకోవాలి.

తరువాతి ప్రశ్న, ఆ సెన్సరు నిజమే చెబుతున్నదా అన్నది. బజారులో దొరికే చవక రకం కంట్రోలర్ల కచ్చితత్వం ఒక డిగ్రీ అటూ ఇటూగా ఉండటం సాధారణం. తెరపై దశాంశం కనిపించినంత మాత్రాన కొలత దశాంశం వరకు సరైనది కాదు. అదృష్టవశాత్తు పిల్లవాడికి జ్వరం చూసే థర్మామీటరు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 37.5 డిగ్రీలు అంటే మనకు కొద్దిపాటి జ్వరం. ఆ పరిధిలో కచ్చితంగా చదవడానికే ఆ పరికరం తయారయింది. ఫ్లాస్కులో 38 డిగ్రీల ప్రాంతపు నీరు పోసి, రెండింటి కొనలనూ ప్రక్కప్రక్కన ముంచి, ఐదు నిమిషాల తరువాత అంకెలు పోల్చాలి. కంట్రోలరు 0.6 ఎక్కువ చూపుతున్నదని తేలితే, ఆ మేరకు దిద్దుబాటు చేసుకోవాలి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా మిగిలిన జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా వృథా.

హీటరు, కంట్రోలరు, రక్షణ

అంగుళం మందం గల థర్మకోల్‌తో చేసిన పై కొలతల పెట్టె, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు సుమారు ఒక వాటు చొప్పున వేడిని కోల్పోతుంది. సూరత్‌లో శీతకాలపు తెల్లవారుజామున గది 15 డిగ్రీలకు దిగినా తేడా 22.5 డిగ్రీలే. గాలి రంధ్రాల నష్టాన్ని కూడా కలుపుకొని 28 వాట్లు చాలు. ఇంతటి పెట్టెలో 100 వాట్ల బల్బు పెట్టడం, స్కూటరుకు లారీ ఇంజను బిగించడం వంటిది. కంట్రోలరు ఆపివేసిన తరువాత కూడా ఆ బల్బులో మిగిలిన వేడి గాలిని పైకి నెట్టుతుంది. 25 వాట్ల బల్బులు రెండు పెట్టడం మేలు. ఒకటి మాడిపోయినా రెండవది గుడ్లను కాపాడుతుంది. ఎల్.ఇ.డి. బల్బులు ఇందుకు పనికిరావు. వాటి వాటేజీ చాలా తక్కువ గనుక వెలుతురే గాని తగినంత వేడి రాదు. పాత రకం తీగ బల్బుగాని, పింగాణీ హీటరుగాని వాడాలి. బల్బుకూ గుడ్లకూ నడుమ రేకు అడ్డుపెట్టకపోతే దగ్గరి గుడ్లు నేరుగా కాగుతాయి.

కంట్రోలరులో హీటరు వెలిగే అంకెకూ ఆరే అంకెకూ నడుమ కొంత అంతరం ఉంటుంది. కొన్ని రకాలలో అది 2 డిగ్రీలుగా అమర్చబడి వస్తుంది. దానిని 0.3 లేక 0.5కు తగ్గించుకోవాలి. కంప్యూటరులో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి అమర్చితే పెట్టెలో పై మూలకూ కింది మూలకూ ఉండే తేడా చాలావరకు పోతుంది.

మన ప్లాంటులో ప్రధాన నియంత్రణ విఫలమైనప్పుడు యంత్రాన్ని ఆపివేసే వేరొక రక్షణ తప్పక ఉంటుంది. గుడ్ల పెట్టెకు కూడా అది అవసరం. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే హీటరు ఆరదు. చవక కంట్రోలర్లలో ఇదే అత్యంత ప్రమాదకరమైన లోపం. హీటరు తీగలో మొదటి కంట్రోలరుతో వరుసగా రెండవ థర్మోస్టాటును కలిపి, 38.5 వద్ద ఆగేటట్లు అమర్చితే, మొదటిది మొండికెత్తినా గుడ్లు ఉడకవు. కొద్దిపాటి ఖర్చుతో కొనగల నిశ్చింత ఇది.

ఇక నీటి సీసాల సంగతి. ఇరవై నాలుగు గుడ్ల ఉష్ణ ధారణశక్తి ఇంచుమించు ఒక లీటరు నీటికి సమానం. పెట్టె అడుగున రెండు లీటరు సీసాలను నీటితో నింపి ఉంచితే ఆ శక్తి మూడు రెట్లవుతుంది. 28 డిగ్రీల గదిలో రెండు గంటలు కరెంటు పోతే, సీసాలు లేని పెట్టెలో గుడ్లు 30 డిగ్రీల వరకు దిగుతాయని, సీసాలున్న పెట్టెలో 33 వద్దనే ఉంటాయని లెక్క చెబుతున్నది. పైన రగ్గు కప్పితే మరికొంత మేలు. అయితే పదిహేనవ రోజు దాటిన పిండాలకు ప్రాణవాయువు అధికంగా కావాలి గనుక, అప్పుడు రగ్గు కప్పినా గాలి రంధ్రాలు మూయరాదు.

సూరత్ ఋతువులు

పుస్తకాలలోని సూచనలు చాలావరకు చలిదేశాలను ఉద్దేశించి వ్రాసినవి. అక్కడ సమస్య వేడిని నిలపడం. మనకు సముద్రతీర గుజరాతులో సమస్య మూడు విధాలు.

శీతకాలం ఇక్కడ అనుకూలమైనది. హీటరుకు తగినంత పని ఉంటుంది. నియంత్రణ సులభం. కాని గాలిలో తేమ తక్కువ. 18 డిగ్రీల వద్ద 40 శాతం తేమ ఉన్న గాలిని 37.5కు వేడి చేస్తే, అందులో మిగిలే సాపేక్ష ఆర్ద్రత 13 శాతమే. మొదటి 18 రోజులు 50 శాతం దాపున, చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతం వరకు కావాలి గనుక వెడల్పాటి నీటి పళ్ళెం తప్పనిసరి.

వర్షాకాలంలో 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలోకి వెళ్ళి వేడెక్కితే 47 శాతం అవుతుంది. అప్పుడు చిన్న గిన్నె నీరు కూడా ఎక్కువే కావచ్చు. ఇందుకు తూనిక మంచి సాక్షి. 55 గ్రాముల గుడ్డు పద్దెనిమిదవ రోజుకు తన బరువులో 12 శాతం, అనగా ఆరున్నర గ్రాములు తగ్గాలి. వజ్రాల నగరంలో చిన్న తూనిక దొరకడం కష్టం కాదు.

వేసవి అసలైన పరీక్ష. ఏప్రిల్, మే మాసాలలో సూరత్ మధ్యాహ్నం 40 డిగ్రీల దాపునకు చేరుతుంది. మూసి ఉన్న మేడపై గది 36 దాటుతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటున్నది. చివరి వారంలో గుడ్డు తానే వేడిని పుట్టిస్తుంది. పొదగడానికి సిద్ధమైన గుడ్డు ఒక్కొక్కటి సుమారు 0.13 వాట్లు విడుదల చేస్తుంది. ఇరవై నాలుగు గుడ్లకు మూడు వాట్లు. ఫ్యానుకు మరి రెండు. పెట్టె డిగ్రీకి ఒక వాటు చొప్పున కోల్పోతుంది గనుక, హీటరు పూర్తిగా ఆరిపోయినా లోపలి వేడి గది కంటే ఐదు డిగ్రీలు అధికంగా ఉంటుంది. అనగా గది 33 దాటితే పెట్టె 38 దాటుతుంది. ఏ కంట్రోలరూ అప్పుడు సహాయం చేయలేదు. ఆర్పివేయడానికి వెలిగి ఉన్న హీటరే లేదు గదా! గాలి రంధ్రాలు విశాలంగా తెరవడం, పెట్టెను కింది అంతస్తులో ఉత్తరపు గదికి మార్చడం, గుడ్ల సంఖ్య తగ్గించడం మాత్రమే మార్గాలు. రోహిణి కార్తెలో పొదుగు పెట్టకపోవడమే అన్నింటికంటె ఉత్తమం.

పద్దెనిమిది గుడ్ల కథ

లింబాయత్‌లో మరమగ్గాల మెకానిక్‌గా పనిచేసే మిత్రుడొకరు ఒక జూలై మాసంలో మా వద్దకు వచ్చారు. వరంగల్ జిల్లాలోని స్వగ్రామంలో వారి తల్లిగారు నలభై ఏళ్ళుగా ఒకే వరుస నాటుకోళ్ళను పెంచారు. ఆమె కాలం చేసిన తరువాత ఇల్లు మూతపడింది. కోళ్ళు ఇతరుల పాలయ్యాయి. మిగిలినవి పద్దెనిమిది గుడ్లు. వాటిని ఊక నింపిన డబ్బాలో సర్ది, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకున్నారు. రెండవసారి తెద్దామంటే గుడ్లు లేవు.

ప్రయాణపు కుదుపులకు లోపలి గాలి గది స్థిరపడటానికి గుడ్లను మొనదేలిన వైపు కిందికి ఉంచి ఒక రోజు కదపకుండా ఉంచాము. ఈలోగా పెట్టెను నీటి సీసాలతో ఇరవై నాలుగు గంటలు ఖాళీగా నడిపి, జ్వరపు థర్మామీటరుతో సరిచూశాము. ఏడవ రోజు దీపపు వెలుగులో చూడగా ఐదింటిలో పిండం లేదు. వేడిలో, కుదుపులలో సాగిన ప్రయాణానికి ఆ మాత్రం మూల్యం తప్పలేదు. పదమూడింటిలో నరాలు విచ్చుకొని కనిపించాయి.

పన్నెండవ రోజు రాత్రి భారీ వర్షంలో కరెంటు పోయింది. రెండున్నర గంటల తరువాత తిరిగి వచ్చింది. సీసాలోని అంకె 32.8. మిత్రుడు ఫోను చేశారు. ఆయన గొంతులో వణుకు మాకు స్పష్టంగా వినిపించింది.

“సార్, మస్తు చల్లబడ్డయి. జల్ది వేడెక్కాలె గదా, నలభైకి పెట్టమంటరా?”

“వద్దు తమ్ముడూ. మరను ముట్టుకోవద్దు. మూత కూడా తీయవద్దు. అవి వాటంతట అవే వేడెక్కుతాయి. నువ్వు వెళ్ళి పడుకో.”

ఆయన పడుకున్నారని మేము అనుకోము. కాని మరను ముట్టుకోలేదు. తెల్లవారేసరికి సీసా అంకె 37.4కు చేరింది. ఆ రాత్రి 40కి పెట్టి మరచిపోయి ఉంటే, చల్లదనాన్ని తట్టుకున్న పిండాలు ఆదుర్దాకు బలి అయ్యేవి.

పద్దెనిమిదవ రోజు గుడ్లు తిప్పడం మాని, నీటి పళ్ళెం పెంచాము. ఇరవై ఒకటవ రోజు సాయంత్రం మొదటి పెంకు చిట్లింది. మరునాటి మధ్యాహ్నానికి పది పిల్లలు బయటికి వచ్చాయి. మూడు రాలేదు. ఒకదాని మెడపై తన తల్లి పెంచిన పుంజుకున్న గోధుమ రంగు మచ్చ వంటిదే ఉన్నదని మిత్రుడు చూపించారు. గుడ్డు ముఖమే చూడని గుజరాతీ పొరుగువారు కూడా పిల్లలను ఎత్తుకొని వచ్చి చూసి వెళ్ళారు.

ఫలితమే ఉత్తమ రికార్డు

పొదిగిన తేదీ మీ పెట్టె గురించి నిజం చెబుతుంది. పిల్లలు 19 లేక 20వ రోజునే తొందరపడి, చిన్నవిగా, బొడ్డు సరిగా మూసుకోకుండా వస్తే సగటు వేడి అధికమైనట్లు. 22, 23 రోజుల వరకు ఆలస్యమై, పొట్ట ఉబ్బి, మందకొడిగా ఉంటే తక్కువైనట్లు. ఈసారి సవరణకు అదే ఆధారం. సవరణ ఒకసారికి 0.2 డిగ్రీలు మించరాదు. చేసిన తరువాత మూడు గంటలు వేచి, నీటి సీసాను చూసి, ఆపైన రెండవ నిర్ణయం తీసుకోవాలి. గుడ్డు కాలాంకానికి అది నాలుగు రెట్లు. అంతకంటె ముందుగా చూసే అంకె క్రొత్త స్థితిని ఇంకా పూర్తిగా తెలుపదు.

పిల్లలు వచ్చిన తరువాత కూడా ఉష్ణోగ్రతతో పని తీరదు. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. కొక్కెర తెగులు టీకా విషయమై పశువైద్యుని సంప్రదించడం, పక్షులను ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవడం మరువరాదు. 2006 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడిన నవాపూర్ మనకు ఎంతో దూరంలో లేదు. అప్పటి సూరత్ జిల్లాలోని ఉచ్ఛల్ కూడా ఆ తాకిడికి గురయింది. కాలనీలో ఉండేవారు పెట్టె కొనడానికి ముందే నివాస నిబంధనలు తెలుసుకోవాలి. పుట్టే పిల్లలలో ఇంచుమించు సగం పుంజులేనని, అవి తెల్లవారుజామున కూస్తాయని కూడా ముందే ఆలోచించుకోవడం మంచిది.

ఈ శీతకాలంలో పెట్టె ముందు కూర్చోదలచిన మిత్రులకు మా సలహా ఒక్కటే. మొదటి గుడ్డు పెట్టక మునుపే థర్మామీటరు సరిచూసుకోండి, నీటి సీసాలు పెట్టుకోండి, రెండవ థర్మోస్టాటు బిగించుకోండి. ఇంజనీరు పని అక్కడితో చాలావరకు ముగుస్తుంది. ఆపైన ఇరవై ఒక్క రోజులలో పద్దెనిమిదవ రోజు వరకు గుడ్లను తిప్పడం, చివరి వరకు నీరు పోయడం, రోజుకు రెండుసార్లు అంకె వ్రాసుకోవడం మాత్రమే మిగులుతాయి. మూడవసారి చూడాలని మనసు లాగినప్పుడు, ఇంట్లోవారితో కలిసి ఒక కప్పు టీ త్రాగి రండి. అంతలో గాలి తనంతట తాను సర్దుకుంటుంది.